అప్పీలు గడువు దాటిపోయిందా? ఆలస్యాన్ని మన్నించమని కోర్టును ఎలా అడగాలి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లలో కేసు ఓడిపోయిన మన తెలుగువాళ్ల ఇంట్లో జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. బంధువులు తలో మాట చెబుతారు. కటక్ వెళ్లి హైకోర్టులో వేసెయ్యమని ఒకరు, పెద్దమనుషుల్లో కూర్చుని తేల్చుకోమని ఇంకొకరు, శ్రీకాకుళంలో తెలిసిన వకీలున్నాడు ఆయన్ని అడుగుదామని మరొకరు. ఈ మాటల్లోనే నెల గడిచిపోతుంది. ఆ తర్వాత ఎవరో చల్లగా చెబుతారు, అప్పీలుకు గడువు 30 రోజులేనని.

అక్కడితో ఆశ వదులుకుని పొలమో ఇల్లో పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. అలా వదులుకోనక్కర్లేదు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో సెక్షన్ 5 ఉంది. గడువులోగా రాలేకపోవడానికి తగిన కారణం ఉందని కోర్టుకు నమ్మకం కలిగిస్తే, ఆలస్యంగా వేసిన అప్పీలును కూడా తీసుకోవచ్చని అది చెబుతుంది. దీన్నే కోర్టుల్లో డిలే పిటిషన్ అంటారు.

ముందుగా ఒక అపోహ పోవాలి. గడువు ముగియకముందే వెళ్లి "ఇంకో నెల టైమివ్వండి" అని అడిగి పెట్టుకునే పద్ధతి మన అప్పీళ్లలో లేదు. అప్పీలు సిద్ధం చేసి, దానితో కలిపి ఆలస్యానికి కారణం చెప్పే పిటిషన్ వేయాలి. అవతలివాళ్లు పట్టించుకోరులే అనుకోవడం కూడా ప్రమాదమే. వాళ్లు నోరెత్తకపోయినా, గడువు దాటిన అప్పీలును కోర్టు తనంతట తానే కొట్టేయాలని అదే చట్టంలోని సెక్షన్ 3 చెబుతోంది.

మొదటి పని: నకలుకు దరఖాస్తు

తీర్పు చదివిన రోజునే, కుదరకపోతే మర్నాడే, సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుకు, దరఖాస్తు పెట్టండి. అప్పీలుకు వెళ్లాలా వద్దా అనేది తర్వాత ఆలోచించుకోవచ్చు. నకలుకు పెద్దగా ఖర్చు కాదు, కానీ అది మీకు రోజులు కొనిపెడుతుంది. సెక్షన్ 12 ప్రకారం నకలు పొందడానికి పట్టిన కాలాన్ని గడువులో లెక్కించరు. అయితే గడువు ముగిసిపోయాక నకలుకు దరఖాస్తు పెడితే ఆ రోజులు మీకు కలిసిరావు. అందుకే ఇంత తొందర.

నకలు చేతికి రాగానే దాని మీద ఉన్న రబ్బరు స్టాంపును చూడండి. అందులో వరసగా తేదీలుంటాయి: దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులూ ఫోలియోలూ (నకలు రాసే కాగితాలు) ఎన్ని కావాలో చెప్పిన తేదీ, మీరు అవి తెచ్చి ఇచ్చిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, మీ చేతికి ఇచ్చిన తేదీ. చాలామంది ఆఖరి తేదీ నుంచి లెక్క మొదలుపెడతారు. అది తప్పు. కాపీ సెక్షన్‌లో నకలు సిద్ధమై ఉండగా మీరు పది రోజుల తర్వాత వెళ్లి తీసుకుంటే ఆ పది రోజులూ మీ ఖాతాలోనే పడతాయి. ఫోలియోలు తెమ్మన్నాక మీరు చేసిన జాప్యం కూడా అంతే. గుమస్తాకు డబ్బిచ్చి వచ్చేశాం కదా అనుకోకండి, రెండు మూడు రోజులకోసారి ఫోన్ చేసి అడగండి.

ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్ఆర్ నంబరు, అంటే ఆ 16 అక్షరాలూ అంకెలూ కొడితే కేసు ఎక్కడుందో తెలుస్తుంది, అప్‌లోడ్ అయి ఉంటే తీర్పు కూడా కనిపిస్తుంది. అది సర్టిఫైడ్ కాపీ కాదు. కానీ నకలు వచ్చేలోగా వకీలు చదువుకుని అప్పీలు రాయడం మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

గడువెంతో, ఎన్ని రోజులు దాటిందో లెక్క కట్టడం

సివిల్ కేసులో కింది కోర్టు డిక్రీ (తీర్పును బట్టి ఇచ్చే ఉత్తర్వు) మీద జిల్లా జడ్జి కోర్టుకు వెళ్లాలంటే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. జిల్లా కోర్టులో కూడా ఓడిపోయి సెకండ్ అప్పీలుకు కటక్ వెళ్లాలన్నా 90 రోజులే. క్రిమినల్ కేసులో శిక్ష పడితే సెషన్స్ కోర్టుకు 30, హైకోర్టుకు 60. మోటారు ప్రమాద నష్టపరిహారం తీర్పు మీద హైకోర్టుకు 90 రోజులు. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉత్తర్వు మీద రాష్ట్ర కమిషన్‌కు 45 రోజులు.

ఒక లెక్క చేసి చూద్దాం. పర్లాకిమిడిలో సివిల్ జడ్జి 2025 మార్చి 3న తీర్పు ఇచ్చారు. మీరు మార్చి 10న నకలుకు దరఖాస్తు పెట్టారు, 21న నకలు సిద్ధమైంది, అదే రోజు తీసుకున్నారు. తీర్పు వచ్చిన రోజును లెక్కించరు కాబట్టి మార్చి 4 ఒకటో రోజు. ముప్పయ్యో రోజు ఏప్రిల్ 2. నకలుకు పట్టిన 12 రోజులు కలిపితే ఏప్రిల్ 14. ఆ రోజు అంబేడ్కర్ జయంతి, ఒడిశాలో పణా సంక్రాంతి కూడా. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే, తిరిగి తెరిచిన రోజున వేసినా గడువులో వేసినట్టేనని సెక్షన్ 4 చెబుతుంది. అంటే 15న వేసి ఉంటే ఏ పిటిషనూ అక్కర్లేదు. మీరు మే 5న వేశారనుకోండి. సెలవు సౌకర్యం తెరిచిన రోజునే వేసినవాళ్లకు కాబట్టి, ఏప్రిల్ 15 నుంచి లెక్కపెట్టి 21 రోజుల ఆలస్యం అని రాయాలి.

పిటిషన్‌లో ఈ అంకె తప్పు పడకూడదు. 21 రోజులకు బదులు 12 అని రాస్తే, తప్పును కావాలని దాచారని అవతలి వకీలు పట్టుకుంటాడు. రిజిస్ట్రీ (కోర్టు ఆఫీసు) వాళ్లు కూడా లోపం చూపి కాగితాలు తిప్పి పంపుతారు, ఇంకొన్ని రోజులు పోతాయి.

కొన్ని చట్టాల్లో తలుపు నిజంగానే మూసుకుపోతుంది

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. సెక్షన్ 5 అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. కొన్ని ప్రత్యేక చట్టాలు తమ గడువును తామే పెట్టి, మన్నించగలిగిన ఆలస్యానికి కూడా హద్దు గీశాయి. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు, తగిన కారణం ఉంటే మరో 60 రోజులు అని రాసి ఉంది. జీఎస్టీలో మొదటి అప్పీలుకు మూడు నెలలు, పైన ఒక నెల. ఆర్బిట్రేషన్ అవార్డును, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చిన తీర్పును, రద్దు చేయమని అడగడానికి మూడు నెలలు, పైన 30 రోజులు.

ఈ ఆఖరిది మన వైపు లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు ఫైనాన్స్ మీద కొన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. వాయిదాలు తప్పితే కంపెనీ ఏదో దూరపు నగరంలో ఆర్బిట్రేటర్ దగ్గర అవార్డు తెచ్చుకుంటుంది. అది ఇంగ్లిష్‌లో రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. బీరువాలో పెట్టేసి ఆరు నెలల తర్వాత బండి జప్తుకు వచ్చినప్పుడు తీస్తే, ఎంత గట్టి కారణం ఉన్నా కోర్టు చేతులు కట్టేసి ఉంటాయి. ఇంటికి అర్థం కాని కాగితం వస్తే దాన్ని, వచ్చిన కవరుతో సహా, ఆ వారంలోనే వకీలుకు చూపించండి. కవరు మీది పోస్టు ముద్ర మీకు ఎప్పుడు అందిందో చెప్పే సాక్ష్యం.

మీ వెనక తీర్పు వచ్చేస్తే, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే, అప్పీలు ఒక్కటే దారి కాదు. తీర్పిచ్చిన కోర్టులోనే దాన్ని రద్దు చేయమని 30 రోజుల్లో అడగవచ్చు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ సంగతి మీకు తెలిసిన నాటి నుంచి మొదలవుతాయి. సమన్లు ఒడియాలో ఉన్నాయి, నాకు చదవడం రాదు అన్న ఒక్క మాట మాత్రం సరిపోదు. సంతకం పెట్టి తీసుకున్నారంటే అందినట్టే లెక్క.

అఫిడవిట్: అసలు పని ఇక్కడే

డిలే పిటిషన్‌కు ప్రాణం దానితో వేసే అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం. గెలుపోటములు ముప్పాతిక భాగం ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం. వకీలు ఆఫీసులో అచ్చుపోసిన నమూనాలు ఉంటాయి. "నాకు అనారోగ్యం వల్ల ఆలస్యమైంది, ఇందులో నా దురుద్దేశం లేదు" అని ఒక పేరా, కింద సంతకం. జడ్జిగారు అలాంటివి రోజూ చూస్తారు. మీది అలా ఉండనివ్వకండి.

వకీలు దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో ఒక తెల్లకాగితం తీసుకుని, తీర్పు వచ్చిన రోజు నుంచి అప్పీలు వేసే రోజు దాకా ఏ రోజు ఏం జరిగిందో తెలుగులోనే రాసుకోండి. పై లెక్కలోని కేసులో ఒక మనిషి ఇలా రాసుకుంటాడు:

"మార్చి 21న నకలు తీసుకుని 24న వకీలుగారికి ఇచ్చాను. కోర్టు ఫీజుకు డబ్బు సమకూర్చుకుంటుండగా ఏప్రిల్ 8న ఛాతీలో నొప్పి వచ్చింది. మా అబ్బాయి శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో చేర్పించాడు. 19న డిశ్చార్జి చేసి రెండు వారాలు ఇంట్లోంచి కదలొద్దన్నారు. డిశ్చార్జి కాగితం జతచేశాను. మే 3, శనివారం, పర్లాకిమిడి వెళ్లి సంతకాలు పెట్టాను. 4 ఆదివారం. 5న అప్పీలు వేశారు."

ఇందులో గొప్ప మాటలేవీ లేవు. కానీ ఖాళీగా మిగిలిన రోజు ఒక్కటీ లేదు, ముఖ్యమైన రోజులకు కాగితం ఉంది. కోర్టు చూసేది అదే. ప్రతి రోజుకూ లెక్క చెప్పాలన్న మాటను మరీ మూర్ఖంగా పట్టుకోకూడదని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. అలాగని నెలల తరబడి ఖాళీ వదిలేస్తే ఏ జడ్జీ ఊరుకోడు.

కాగితాల విషయంలో మన సరిహద్దు మనుషులకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వైద్యం శ్రీకాకుళంలోనో విశాఖలోనో, పని హైదరాబాద్‌లోనో సూరత్‌లోనో, కేసు మాత్రం ఒడిశాలో. అందుకని డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, రైలు టికెట్లు, యజమాని ఇచ్చిన హాజరు కాగితం లాంటివి పారేయకండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ తర్జుమా జతచేయాల్సి వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు రాజధానిలో ఉండేవి. అందుకే మన ఇళ్లలో తెలుగు దస్తావేజులు ఇంకా ఉన్నాయి. భూమి కేసైతే వాటి తర్జుమాకు కూడా ఇప్పుడే పురమాయించండి. ఆఖరి నిమిషంలో తర్జుమా చేసేవాళ్లు దొరకరు.

అఫిడవిట్ ఇంగ్లిష్‌లో తయారవుతుంది. సంతకం పెట్టే ముందు దాన్ని మీకు తెలుగులో చదివి వినిపించమని గట్టిగా అడగండి. అందులో మొహమాటం వద్దు. తెలుగులో వివరించాం, అర్థం చేసుకుని సంతకం లేదా వేలిముద్ర వేశారు అన్న వాక్యం చివర చేర్పించండి. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

ఎలాంటి కారణాలు నిలబడతాయి? ఆసుపత్రిలో ఉండటం, ఇంట్లో చావు, జైల్లో ఉండటం, ఉత్తర్వు అందకపోవడం, నమ్మకంతో వేరే కోర్టులో వేసి తిరిగి రావడం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఊడ్చేసినప్పుడు లాగా దారులే తెగిపోతే, ఆ సంగతి ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంటుంది. చట్టం తెలియదు, బంధువుల సలహా కోసం చూశాను, రాజీ అవుతుందనుకున్నాను, ఇవి ఒంటరిగా నిలబడవు.

వకీలు చెప్పలేదు అనే కారణం గురించి కాస్త వివరంగా చెప్పాలి. వకీలు తప్పుకు కక్షిదారును శిక్షించకూడదని సుప్రీంకోర్టు 1981లో చెప్పిన మాట నిజమే. కానీ తన కేసు సంగతి తాను కనుక్కుంటూ ఉండాల్సిన బాధ్యత కక్షిదారుకూ ఉందని ఈమధ్య అదే కోర్టు గట్టిగా అంటోంది. మీ విషయంలో అది నిజమైతే, ఎప్పుడెప్పుడు ఫోన్ చేశారో, వాట్సాప్‌లో ఏం అడిగారో, ఆయన ఏం చెప్పారో చూపించండి. ఊరికే నెపం వేస్తే నమ్మరు, పైగా ఆ వకీలే కోర్టు హాల్లో ఎదురుగా కూర్చుని ఉండవచ్చు.

దొంగ మెడికల్ సర్టిఫికెట్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. చిన్న ఊళ్లు మనవి. మీరు మంచం మీద ఉన్నానన్న వారంలో మేనకోడలి పెళ్లిలో తీసుకున్న ఫోటో అవతలివాళ్ల ఫోన్లో ఉంటుంది. ఆసుపత్రి రిజిస్టరును కోర్టు తెప్పించుకోగలదు. అబద్ధపు అఫిడవిట్ నేరం, అది తేలితే మంచి అప్పీలు కూడా దాంతోపాటే మునిగిపోతుంది. చిన్నదైనా నిజమైన కారణమే చెప్పండి.

వేయడం, వేశాక జరిగేది

అప్పీలు మెమో (అప్పీలు కారణాలు రాసిన కాగితం), నకలు, కోర్టు ఫీజు, వకాలతు, వాటితో కలిపి డిలే పిటిషన్, అఫిడవిట్, ఆధారాలు. ఇవన్నీ ఒకేసారి వెళ్లాలి. ఒడిశా కోర్టు తీర్పు మీద అప్పీలు ఒడిశాలోనే వేయాలి. శ్రీకాకుళంలోనో విశాఖలోనో వేసి లాభం లేదు. కోరాపుట్ జిల్లా కోర్టు జయపురంలో, గంజాం జిల్లా కోర్టు బరంపురంలో ఉన్నాయి. మీ డిక్రీ విలువను బట్టి జిల్లా కోర్టా, హైకోర్టా అన్నది వకీలు చూస్తారు. పొరపాటున వేరే కోర్టులో వేసి ఉంటే అక్కడ గడిచిన కాలాన్ని కూడా కారణంగా చూపవచ్చు. అందుకు ఆ కోర్టు కాగితాలు తిరిగి ఇచ్చిన ఉత్తర్వు జతచేయాలి. హైకోర్టు కేసైతే ప్రతి పనికీ కటక్ రైలెక్కనక్కర్లేదు. అఫిడవిట్ మీ ఊళ్లోనే నోటరీ దగ్గర ప్రమాణం చేసి పంపవచ్చు.

అప్పీలు వేశాం కదా, ఇక ఎవరూ ఏమీ చేయలేరు అనుకుంటే దెబ్బతింటారు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. ఆలస్యంగా వేసిన సివిల్ అప్పీలులో, ముందు ఆలస్యం సంగతి తేలి, అప్పీలును విచారణకు తీసుకుంటామని కోర్టు అనేదాకా స్టే ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 3ఏ చెబుతుంది. అదే మీరు గడువులో ఉండి ఉంటే, డిక్రీ ఇచ్చిన కోర్టునే అప్పీలు గడువు ముగిసేదాకా ఎగ్జిక్యూషన్ (డిక్రీ అమలు) ఆపమని అడిగే వీలుండేది. ఆలస్యం వల్ల పోయేది ఇదే. కాబట్టి ఇంటి మీదకు అమీనా (డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి) వచ్చే ప్రమాదం ఉంటే, డిలే పిటిషన్‌ను తొందరగా వినమని మరో దరఖాస్తు వేయించండి. క్రిమినల్ కేసులో మూడేళ్లకు మించని శిక్ష పడి, బెయిలు మీద ఉన్నవాళ్లకు అప్పీలు వేసుకునేందుకు శిక్ష వేసిన కోర్టే బెయిలు ఇవ్వగలదు. ఆ బెయిలు గడువు కాగితం మీద రాసి ఉంటుంది, దాన్ని దాటనివ్వకండి.

తర్వాత అవతలి పక్షానికి నోటీసు వెళ్తుంది. వాళ్లు అభ్యంతరాలు వేస్తారు. వాదనల రోజున ఆలస్యం ఎంత అనేదానికంటే కారణం ఎంత నమ్మదగ్గది అనేదే ముఖ్యం. 883 రోజుల ఆలస్యాన్ని మన్నించడం సరైనదేనని సుప్రీంకోర్టు 1998లో తేల్చింది. 2024లో మాత్రం తెలుగుగంగ భూసేకరణ కేసులో వారసులు 5,659 రోజుల తర్వాత వస్తే ఒప్పుకోలేదు. కేసు బలంగా ఉంది కాబట్టి ఆలస్యాన్ని వదిలేయమంటే కుదరదని ఆ తీర్పులో స్పష్టంగా ఉంది. కాబట్టి జడ్జిగారి ముందు అసలు కేసు కథ ఎత్తుకోవద్దని మీ వకీలుకు చెప్పండి. ఆ రోజు మాట్లాడాల్సింది తేదీల గురించే.

డబ్బు లేదని ఆగిపోకండి. మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, వికలాంగులు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా సరే. జైల్లో ఉన్న మనిషి అప్పీలును జైలు అధికారి ద్వారానే పంపవచ్చు.

పిటిషన్ కొట్టేస్తే దాంతో పాటు అప్పీలు కూడా పోతుంది. జిల్లా కోర్టు అలా కొట్టేసినప్పుడు దాని మీద హైకోర్టుకు సెకండ్ అప్పీలు వేసుకోవచ్చు. మన్నిస్తే అప్పీలుకు నంబరు పడుతుంది, ఇక అసలు కేసు మొదలు. మన్నించేటప్పుడు తరచూ ఖర్చులు కట్టమని షరతు పెడతారు. అవతలి పక్షానికి ఇంత, లేదా న్యాయ సేవల సంస్థకు ఇంత, ఫలానా తేదీలోగా అని. అది చిన్న మొత్తమే కదా అని వాయిదా వేయకండి. ఆ తేదీ దాటితే తెచ్చుకున్న ఉత్తర్వే చేజారిపోవచ్చు. కట్టిన రోజే రసీదు తీసుకుని, దాని మెమో కోర్టులో వేయించి, జిరాక్సు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.